ఇంజిన్ చెప్పే ఆగుతుంది, వినేవాడేడీ?

2025 నవంబరులో పుదుక్కోట్టై దగ్గర హైవే మీద దిగిన చిన్న శిక్షణ విమానం మీకు గుర్తుండే ఉంటుంది. తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో ఒక్క సాయంత్రంలో నాలుగుసార్లు వచ్చింది. అందులో ఉన్నవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. పైలట్‌ను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ విమానం బయల్దేరింది సేలం నుంచి. ఈ సేలం పేరు మనం కాస్త పట్టించుకోవాలి. పైలట్ శిక్షణ సంస్థలకు చోటివ్వడానికి విమానాశ్రయాల ప్రాధికార సంస్థ రెండో విడతలో ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాల్లో సేలం ఒకటైతే, మన పక్కనున్న కడప ఇంకొకటి. కాబట్టి ఇదేదో పక్క రాష్ట్రం ముచ్చట అని చూసి పక్కన పెట్టేయడానికి లేదు. రేపు అదే దృశ్యం రాజంపేట రోడ్డు మీదో, పీలేరు పక్క మామిడి తోపులోనో కనిపించవచ్చు.

ఇలాంటి వార్త ఎప్పుడు వచ్చినా అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "హఠాత్తుగా ఇంజిన్‌లో లోపం తలెత్తడంతో..." పుదుక్కోట్టై విమానానికి ఏమైందో తేల్చాల్సింది విచారణ. దాని జోలికి నేను పోను. నా గొడవంతా ఆ "హఠాత్తుగా" అనే మాటతోనే. చిన్న విమానం ఇంజిన్ హఠాత్తుగా ఆగడం చాలా అరుదు. ఆగే ముందు అది రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి చెబుతూనే ఉంటుంది. చెప్పింది వినే పని ఒకడికి అప్పజెప్పి, విన్నట్టు సంతకం పెడితే చాలని ఆ ఒకడికి మనమే నేర్పుతున్నాం.

ముందు ఆ ఇంజిన్ ఏమిటో చూద్దాం. ఫ్లయింగ్ స్కూళ్ళలో ఎక్కువగా కనిపించేవి సెస్నా 152, సెస్నా 172. 172 రకం 1956 నుంచి వస్తోంది, ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. దాని ముక్కులో ఉన్న ఇంజిన్‌లో అంతుచిక్కని విద్య ఏమీ లేదు. నాలుగు సిలిండర్లు, రెండు ఈ పక్క, రెండు ఆ పక్క. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు, చల్లబరిచేది ఎదురుగాలే. ప్లగ్గులో నిప్పు పుట్టడానికి బ్యాటరీ అక్కర్లేదు, పాత లూనా బండ్లలో ఉన్న మాగ్నెటో సూత్రమే ఇక్కడా. అదీ ఒకటి సరిపోదని రెండు పెట్టారు, సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులు ఇచ్చారు. ఒక మాగ్నెటో చచ్చినా రెండోది విమానాన్ని ఇంటికి చేరుస్తుంది. ఇలాంటి ఇంజిన్లలో చాలావాటికి కంపెనీ రాసిచ్చే ఆయుష్షు 2,000 గంటలు లేదా 12 ఏళ్ళు, ఏది ముందు వస్తే అది. ఆ తర్వాత మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాలి. ఇంత మొండి యంత్రం గాల్లో ఆగిందంటే దాని వెనక చాలామంది చాలాసార్లు "ఏం కాదులే" అనుకుని ఉండాలి.

ఆగితే విమానం రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు, జారుతుంది. సెస్నా 172 తానున్న ఎత్తుకి దాదాపు తొమ్మిది రెట్ల దూరం జారగలదు. వెయ్యి అడుగుల ఎత్తులో ఆగితే రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు దూరం, నిమిషంన్నర టైమ్ మాత్రం చేతిలో ఉంటాయి. ఆ నిమిషంన్నరలో చదునైన చోటు వెతుక్కోవాలి. చంద్రగిరి దాటి పీలేరు వైపు ఒకసారి కిటికీలోంచి చూస్తూ వెళ్ళండి. గుట్టలు, గుట్టల మీద గుండ్లు, తోపులు, కరెంటు తీగలు. ఎండాకాలంలో ఎండిన చెరువు మధ్యలో తప్ప విమానం దించే చోటు నాకైతే కనపడలేదు. పైకి లేచిన వెంటనే ఆగితే పరిస్థితి ఇంకా ఘోరం. రన్‌వే వెనకే ఉంది కదా అని పైలట్‌కి వెనక్కి తిప్పాలనిపిస్తుంది. ఎత్తు చాలదు, వేగం పడిపోతుంది, రెక్క పట్టు తప్పుతుంది. పైలట్లు దాన్ని అసాధ్యమైన మలుపు అనే పిలుస్తారు. టేకాఫ్ తర్వాతి ఆ కొన్ని క్షణాలు ఎలాంటివో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో లేచిన కాసేపటికే కూలిన సెస్నా 180లో సౌందర్య ఉంది.

పైలట్‌కి మిగిలేది ఆ నిమిషంన్నరే. తనిఖీ చేసేవాడికి మాత్రం, ఒక పెద్ద తనిఖీ నుంచి ఇంకోదాని దాకా, వంద గంటలుంటాయి.

ఆ వంద గంటల్లో ఇంజిన్ ఎలా మాట్లాడుతుందో కాస్త నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారమంతటిలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. పొద్దున్నే మొదటి సోర్టీకి, అంటే మొదటిసారి పైకి లేవడానికి, ముందు రెక్క కింద చిన్న వాల్వు నొక్కి ఒక పారదర్శకమైన కప్పులోకి ఇంధనం పడతారు. ఈ ఇంజిన్లు తాగే ఏవీగ్యాస్‌కి నీలం రంగు కలుపుతారు. రాత్రి ట్యాంకులో చేరిన తేమ నీళ్ళయి అడుగుకి దిగుతుంది, కప్పులో పైన నీలం, కింద తెల్లటి బుడగలా నీళ్ళు కనిపిస్తాయి. ఇక్కడ ఒక మోసం ఉంది. కప్పు మొత్తం నీళ్ళే అయితే గీత కనపడదు, అంతా శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు కప్పుని ఆకాశానికెత్తి రంగు చూస్తారు, వాసన చూస్తారు. నీలం లేదంటే అది నీళ్ళయినా కావాలి, పొరపాటున పోసిన జెట్ ఇంధనమైనా కావాలి. జెట్ ఇంధనం ఇంకా ప్రమాదం. గొట్టాల్లో మిగిలిన పాత ఏవీగ్యాస్‌తో ఇంజిన్ మామూలుగా స్టార్టవుతుంది, రన్‌వే దాకా నడుస్తుంది, పైకి లేచాక చేతులెత్తేస్తుంది.

తర్వాత రన్‌వే అంచున ఆపి ఇంజిన్‌ని నిమిషానికి 1,700, 1,800 చుట్ల దగ్గర పెట్టి, తాళాన్ని ఒక మాగ్నెటో మీదికి, మళ్ళీ రెండోదాని మీదికి తిప్పుతారు. ఒక్కదానితో నడిచేటప్పుడు చుట్లు కొంచెం పడాలి. మరీ ఎక్కువ పడితే ప్లగ్గో మాగ్నెటోనో సరిగా లేదని అర్థం. కొత్త కుర్రాళ్ళకి తెలియనిదేమిటంటే, అసలు పడకపోయినా అనుమానించాల్సిందే. పడలేదంటే తాళం తిప్పినా ఆ మాగ్నెటో ఆగడం లేదని. అలాంటి విమానం షెడ్డులో ఆపి ఉన్నప్పుడు ఎవరైనా ఫ్యాన్‌ని చేత్తో కదిపితే అది ఒక్కసారి తిరిగి మనిషిని నరికేయగలదు.

అసలు కథ మాత్రం ఆయిల్ ఫిల్టర్‌లో ఉంటుంది. 50 గంటలకోసారి ఆయిల్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్‌ని పారేయకుండా డబ్బా మూత కోసినట్టు కోస్తారు. లోపల మడతలు మడతలుగా ఉన్న కాగితాన్ని విప్పి, కడిగి, తెల్ల గుడ్డ మీద పరిచి లైటు కింద చూస్తారు. మెరిసే పొడి ఏమైనా ఉంటే అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకుంటే ఇనుము, అంటే వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్టో దానికి ఆనుకుని కదిలే భాగాలో అరుగుతున్నాయి. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు, కంచు బుష్ కావచ్చు. లోపల ఏ అవయవం పాడవుతోందో ఇంజిన్ విప్పకుండానే తెలిసిపోతుంది. మన ఊళ్ళో నాటువైద్యుడు నాడి చూసి చెప్పేదానికన్నా ఇది చాలా నమ్మకమైన లెక్క.

వంద గంటల తనిఖీలో కంప్రెషన్ టెస్ట్ అని ఒకటి ఉంటుంది. ఒక్కో సిలిండర్‌లోకి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి ఎంత నిలుస్తుందో చూస్తారు. మీటర్ చూసి 72 బై 80 అని రాసుకుని వెళ్ళిపోయేవాడు ఒక రకం మెకానిక్. రెండో రకం వాడు మీటర్ సంగతి తర్వాత చూసుకుంటాడు, ముందు చెవి పెడతాడు. పొగగొట్టం దగ్గర సన్నగా బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతోంది. ఆయిల్ పోసే చోట వినిపిస్తే పిస్టన్ రింగులు అరిగాయి. కాలుతున్న వాల్వు ఇవాళ బుస పెడుతుంది. ఇంకో అరవై డెబ్బై గంటలకి విరిగి సిలిండర్‌లో పడొచ్చు. అప్పుడు పేపర్లో "హఠాత్తుగా" అని వస్తుంది.

ఇంకో వింత ఉంది. ఎక్కువ తిరిగే ఇంజిన్ కన్నా షెడ్డులో ఊరికే పడి ఉన్న ఇంజిన్ని ఎక్కువ అనుమానించాలి. చాలా శిక్షణ విమానాల్లో ఉండే లైకమింగ్ ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ పైన, క్రాంక్‌షాఫ్ట్ కింద ఉంటాయి. నెల రోజులు నడపకపోతే పైనున్న ఆయిలంతా కిందికి జారిపోయి కామ్‌షాఫ్ట్ ఎండిపోతుంది, తేమకు తుప్పు పట్టేస్తుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఆ తుప్పే ఆకురాయిలా రాపిడి మొదలుపెడుతుంది. లాగ్‌బుక్‌లో మాత్రం "ఇంజిన్ 400 గంటలే తిరిగింది" అని ఎంతో కొత్తదానిలా కనిపిస్తుంది. బోరు ఎండిపోయి రెండేళ్ళు ఆడని మోటార్ని వానలు పడ్డాక ఆన్ చేసిన రైతుకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా బండారం కూడా చెప్పుకోవాలి. మూడేళ్ళ కిందట మదనపల్లెలో పెళ్ళికి బయల్దేరే ముందు రోజు కారు సర్వీసుకి ఇచ్చాను. మెకానిక్ బానెట్ కింద బెల్టుని వేలితో వంచి చూపించాడు. అంచులు చిట్లి, దారాలు బయటికొచ్చి ఉన్నాయి. "ఇది తెగుతుంది సార్. సామాన్ల అంగడి తెరిచేదాకా ఆగండి, పొద్దున పదికల్లా వేసిస్తా" అన్నాడు. ముహూర్తం తొమ్మిదిన్నరకి. "వచ్చినాక మారుద్దాంలే" అని తాళాలు తీసుకున్నాను. భాకరాపేట ఘాట్‌లో సగం ఎక్కామో లేదో బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది, స్టీరింగ్ బండలా బిగుసుకుంది, ఇంకో ఫర్లాంగుకి ముల్లు ఎరుపులోకి పోయింది. రోడ్డు పక్కన కోతుల మధ్య రెండున్నర గంటలు. మా ఆవిడ పట్టుచీర కొంగుతో విసురుకుంటూ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. ఎవరైనా ఫోన్ చేసి ఏమైందని అడిగితే నేను చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "సడన్‌గా బెల్టు తెగిపోయింది."

ఘాట్ రోడ్డుకి పక్కన గోడ ఉంది, ఆగే చోటు ఉంది. గాల్లో పక్కన ఆపుకునే ఏర్పాటు లేదు. లోపం చిన్నదే అయినా గాల్లో అది పైలట్ కళ్ళని, మెదడుని తన వైపు లాగేసుకుంటుంది. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ రావాల్సింది మన చిత్తూరు జిల్లాకే. దాన్ని కూల్చింది ప్రధానంగా వాతావరణమేనని విచారణ కమిటీ తేల్చింది. కానీ చివరి నిమిషాల్లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో వచ్చిన హెచ్చరికకి ఏం చేయాలో చెక్‌లిస్టు పుస్తకంలో పేజీ కోసం పైలట్లు వెతుకుతూ ఉండిపోయారన్న సంగతి కూడా అదే విచారణలో బయటపడింది. కింద నల్లమల, చుట్టూ మేఘం, చేతిలో పుస్తకం.

దీనికి అటువైపు వాదన లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్ విమానాల లెక్కలు చూసిన వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త ఒక విచిత్రం కనిపెట్టాడు. 50 గంటల తనిఖీ అయిన వెంటనే మరమ్మతులు తగ్గాల్సింది పోయి పెరిగాయి, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చాయి. అంటే బాగున్నదాన్ని విప్పి బిగించడమే కొత్త జబ్బులు తెచ్చిపెట్టింది. ఇంకొందరు అంటారు, అసలు ఇంజిన్లు ఆగేది పాడై కాదు, పైలట్ ఇంధనం చూసుకోక అని. అదీ నిజమే. 2011 నుంచి 2015 దాకా ఇంధనం సంగతి చూసుకోకపోవడం వల్లే ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు జరిగాయని అమెరికా రవాణా భద్రతా బోర్డు చెప్పింది. కార్బ్యురేటర్‌లో ఐస్ కట్టి ఆగిపోయే ఇంజిన్లు కూడా ఉన్నాయి. గాల్లో తేమ ఉంటే 30 డిగ్రీల ఎండలో కూడా కడుతుంది, కూలాక కరిగి ఆనవాలు లేకుండా పోతుంది. అప్పుడు ఏ మెకానిక్‌ని తప్పుపడతారు?

తప్పుపట్టను. కానీ వాడింగ్టన్ తనిఖీ మానేయమనలేదు, అవసరం లేని చోట స్పానర్ పెట్టొద్దన్నాడు. నేను పైన చెప్పిన కప్పు, చెవి, కోసిన ఫిల్టర్, ఇవన్నీ చూడడానికే తప్ప ఇంజిన్ని కెలకడానికి పెట్టినవి కావు. ట్యాంకులో కర్ర ముంచి ఇంధనం ఎంతుందో కొలవడం కూడా తనిఖీయే, గేజీని నమ్మి వదిలేయడమే అలవాటు.

ఇక నేను ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్న విషయానికి వస్తాను. తిరుపతిలో ఎవరినైనా "సీఆర్‌ఎస్" ఎక్కడ అని అడిగితే రైల్వే క్యారేజీ రిపేర్ షాప్‌కి దారి చూపిస్తారు. గడువు రాగానే బోగీలన్నీ అక్కడికొచ్చి, విప్పించుకుని, బాగై వెళ్తాయి. విమానాల వాళ్ళకి సీఆర్‌ఎస్ అంటే వేరు. తనిఖీ ముగిశాక లైసెన్సున్న ఇంజనీర్ "ఇక ఇది ఎగరొచ్చు" అని సంతకం పెట్టే పత్రం అది. అది లేకుండా విమానం కదలకూడదు. మూడో సీఆర్‌ఎస్ ఒకటుంది, రైల్వే భద్రతా కమిషనర్. కొత్త లైను వేసినా, ప్రమాదం జరిగినా వచ్చి చూసేది ఆయనే. ఆయన జీతం రైల్వే శాఖ నుంచి రాదు, ఆయన పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. 1941లోనే తనిఖీ చేసేవాణ్ణి రైల్వే నుంచి విడదీసి అప్పటి తపాలా, వైమానిక శాఖకి అప్పగించారు. రైలు నడిపేవాడి కింద పనిచేసేవాడు రైలుని ఆపలేడన్న సంగతి ఆ కాలం వాళ్ళకే అర్థమైంది.

మరి ఫ్లయింగ్ స్కూల్లో విమానాన్ని ఆపాల్సిన ఇంజనీర్ ఎవరి కింద పనిచేస్తున్నాడు? ఆ స్కూలు యజమాని కిందే, లేదా ఆ యజమాని బిల్లు కట్టే కాంట్రాక్టు సంస్థ కింద. అతను సంతకం పెట్టకపోతే విమానం షెడ్డులో ఉంటుంది, ఉన్న ప్రతి రోజూ నష్టం. ఆ నష్టం యజమానిది మాత్రమే అనుకోవద్దు. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు కావాలి. అర కోటి దాకా అప్పు చేసి వచ్చిన కుర్రాడు తన వంతు సోర్టీ కోసం వారాల తరబడి కాచుకుని ఉంటాడు. ఎగిరి వచ్చాక ఇంజిన్ కాస్త వణికిందని అతనికి తెలుసు. దాన్ని స్నాగ్, అంటే లోపం, అని పుస్తకంలో రాస్తే రేపు ఆ విమానం ఉండదు, వెనక లైన్లో ఉన్న నలుగురు స్నేహితులు తిడతారు. రాయడు. ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా గంటలే కావాలి. నోటితో చెప్తాడు, "కొంచెం చూడండి" అని. నోటితో చెప్పింది లాగ్‌బుక్‌లో ఉండదు కాబట్టి ఇంజనీర్‌కి వినాల్సిన అవసరం కూడా ఉండదు. ఒక్కరు కూడా దుర్మార్గులు కారు, అందరూ తొందరలో ఉన్నారు. భాకరాపేట ఘాట్ ఎక్కబోతున్న నాలాగే.

2025లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మొదటిసారి ఫ్లయింగ్ స్కూళ్ళకి గ్రేడులు ఇచ్చింది. మొత్తం 35లో పై రెండు గ్రేడులకి ఒక్కటి కూడా చేరలేదు, 13 బీ దగ్గర, 22 సీ దగ్గర ఆగాయి. గ్రేడులివ్వడం మంచిదే. కానీ నాకు కావాల్సిన లెక్క అందులో లేదు. గత ఏడాది ఏ స్కూల్లో ఇంజనీర్ ఎన్నిసార్లు "ఎగరకూడదు" అని ఆపాడు? విద్యార్థులు ఎన్ని స్నాగ్‌లు రాశారు? ఒక్క స్నాగ్ కూడా లేని లాగ్‌బుక్ కనపడితే నేనైతే ముందు ఆ స్కూలుకే తాళం వేయిస్తాను. పది విమానాలు ఏడాదంతా తిరిగి ఒక్క లోపం కూడా రాలేదంటే ఆ ఇంజిన్లు దేవుడు చేసినవై ఉండాలి, లేదా ఆ పుస్తకం ఒక్క పూటలో కూర్చుని రాసినదై ఉండాలి. ఇంజనీర్ జీతం స్కూలు చేతుల్లోంచి తీసి, స్కూళ్ళన్నీ గంటకింతని కట్టే ఉమ్మడి నిధిలోంచి ఇవ్వాలి. కడపలో ఎన్ని స్కూళ్ళు వచ్చినా సరే, వాటి ఇంజనీర్ల ఉద్యోగం ఆ స్కూళ్ళ దయ మీద ఉండకూడదు.

ఇదేదో విదేశీ ఆలోచన అనుకుంటే పొరపాటు, మన సీమలో ఇది పాత పద్ధతే. చెరువు తవ్వించినవాడికి, దాన్ని ఏటా బాగుచేస్తూ వచ్చేవాడికి చెరువు కింది భూమిలో కొంత ఇనాంగా రాసిచ్చేవారు. దశబంధం ఇనాం అనేవాళ్ళు దాన్ని, పేరులోనే పదో వంతు ఉంది. ఆ భూమికి నీళ్ళొచ్చేది అదే చెరువు నుంచి. కట్ట తెగితే ముందు ఎండేది అతని మడే. రిపేరు డబ్బుల కోసం అతను ఎవరి దగ్గరికీ వెళ్ళి అడగక్కర్లేదు. తూము దగ్గర నీరుగంటి ఉండేవాడు, కట్ట మీద రోజూ నడిచేవాడు, ఎలుక బొక్క కనపడితే మన్ను కొట్టేవాడు. నిజానికి ప్రపంచంలో ఏ లైన్ మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఉన్నదైనా ఇంతే.

తర్వాత ఆ ఇనాములు పోయాయి, నీరుగంట్లు పోయారు, చెరువులు శాఖల చేతికొచ్చాయి. 2021 నవంబరు వానల్లో ఏమైందో తిరుపతివాళ్ళకి తెలుసు. రాయలచెరువు కట్టకి లీకు పడిందని తెలిసి రాత్రికి రాత్రి చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలతో కట్టని నిలబెట్టారు. విజయనగర రాజుల కాలం నుంచి నిలబడిన కట్ట అది. రాజంపేట వైపు అంత అదృష్టం కూడా లేదు. నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. ఆ గేటు ఆ రోజే పాడైంది కాదు, ముందు ఏడాది తుపాను నుంచీ అది సరిగా లేదన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఊళ్ళు కొట్టుకుపోయాక మన వార్తల్లో ఏం రాశారో వెతికి చూడండి. "హఠాత్తుగా వచ్చిన వరద" అనే ఉంటుంది.

కొత్త ప్రాజెక్టుకి శంకుస్థాపన రాయి ఉంటుంది, దాని మీద పేర్లు ఉంటాయి. గేటుకి గ్రీజు పెట్టినవాడి పేరు చెక్కిన రాయి నేనింతవరకు చూడలేదు. 2015లో రేణిగుంటలో కొత్త టెర్మినల్ ప్రారంభోత్సవం నాకు బాగా గుర్తుంది, పూలు, ఫ్లెక్సీలు, ఊరంతా సందడి. ఇవాళ ఆ రన్‌వేని రోజూ పొద్దున నడిచి చూసే మనిషెవరో నాకే తెలియదు, మీకూ తెలియదు. ఆయుధపూజ నాడు బండికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయ తొక్కించే మనం ఆ రోజైనా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూస్తున్నామా? నిమ్మకాయ వద్దనడం లేదు. బానెట్ ఎత్తి ఆ తర్వాత తొక్కించండి.

మొన్న చిత్తూరు నుంచి నా చిన్ననాటి స్నేహితుడు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయింది, పైలట్ అవుతానంటోంది. రెండు స్కూళ్ళు చూసుకొచ్చారట. ఫీజు, హాస్టల్, ప్లేస్‌మెంట్ అన్నీ కనుక్కున్నారు. ఎగరకుండా ఆగిన విమానాలు ఎన్నున్నాయో అడగమని వెళ్ళేముందు నేనే చెప్పి పంపాను. మొదటి స్కూల్లో అన్నీ వరసగా తళతళలాడుతూ నిలబెట్టి ఉన్నాయట, "మా దగ్గర ఒక్కటీ ఆగదు సార్" అన్నారట. రెండోదాని గురించి చెప్పేటప్పుడు వాడి గొంతు దిగాలుగా ఉంది.

"ఒకటి పీకి పెట్టినారబ్బా. ముందర మూత తీసేసి, సిలిండర్ ఒకటి ఊడదీసి బల్ల మీద పెట్టి ఉండారు. పది దినాలుగా అట్లనే ఉండాదంట. ఎందుకు ఆపినారని అడిగితే ఆ ఇంజనీరు గుడ్డ మీద ఏందో పొడి పరిచి చూపిస్తాడు నాకు, నాకేం తెలుస్తాది? పిల్లోళ్ళంతా ఖాళీగా కూచోనుండారు. మొదటిదాంట్లోనే కట్టేద్దామా?"

"ఆ పొడి చూపించినదాంట్లో కట్టు" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. వాళ్ళావిడని అడిగి చెప్తానన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.